పదకొండో తెప్పకు పంపిన మూట

ఒడ్డు నుంచి వచ్చిన విచారణాధికారి గారికి,

మీరు అడిగిన రోజుల వరకు నా పని పుస్తకంలోంచి ఎత్తి రాసి ఇస్తున్నాను. ఒక్క అక్షరం మార్చలేదు. మార్చాలని చెయ్యి లాగిన చోట్లు చాలానే ఉన్నాయి, ఆ మాట దాచను. ఎత్తి రాస్తూ ఊరుకోలేక అక్కడక్కడా కలిపిన వాటికి ముందు "ఇప్పుడు" అని పెట్టాను. అవి సాక్ష్యం కిందికి రావంటే కొట్టెయ్యండి. మిగతాది మాత్రం ఉన్నదున్నట్టు చదవండి.

తిరుపతమ్మ
మూటల తనిఖీ, తేలూరు

రోజు 40

పొద్దున్నే ఒడ్డు నుంచి లోపాల జాబితా దిగింది. కొత్తవి పదిహేడు. అది దిగుతున్నంతసేపూ కీబోర్డు సందుల్లో పేరుకున్న ఉప్పు గోకుతూ కూర్చున్నాను. ఈ ఊళ్లో ఏ ఉద్యోగమైనా సగం ఉప్పు గోకడమే.

ఎనిమిది మూటలు జల్లెడకు వచ్చాయి. ఏడు వెళ్లిపోయాయి. ఎనిమిదోది పదకొండో తెప్ప నీళ్ల మూట. ఎర్ర గీతలు రెండువందల పద్నాలుగు. దానికి నేనిచ్చిన మూడు నెలల మినహాయింపు గడువు నిన్నటితో తీరిపోయింది కాబట్టి లైను ఆగింది.

నాంచారయ్యను పిలిపించాను. మూటలు కట్టే పని అతనిది. మా ఆయన తరఫున మరిది అవుతాడు. ఆఫీసులో కూడా వదినా అనే పిలుస్తాడు, ఆ చనువుతోనే విసుక్కుంటాడు.

"మళ్లా ఆపేశావా వదినా?"

"నేనాపలేదు, జల్లెడ ఆపింది. రెండొందల పద్నాలుగయ్యా, చూడు."

"చూసేదేవుంది. ఆ తెప్ప మిషను మా తాతల కాలం నాటిది. కొత్త సామాను పెడితే బరువు పెరుగుద్ది. నలబై మెగాబైట్లు దాటితే అక్కడిదాకా రేడియో మొయ్యదు. ఇంకో మూణ్ణెల్లు పొడిగించు, నీకు పుణ్యవుంటది."

"ఇప్పటికి మూడుసార్లు పొడిగించా. ఇంక నావల్ల కాదు. రేపు శుక్రవారం రేవులో బోర్డు మీద ఆ అంకె నా పేరు పక్కన రాస్తారు, నీ పేరు పక్కన కాదు. నలబై లోపల కట్టు, ఎర్ర గీత లేకుండా పట్రా. ఎట్టా కడతావో నీ ఇష్టం."

"నా ఇష్టవేనా?" అని నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

ఇప్పుడు: మీరు ఒడ్డు మనిషి కాబట్టి రెండు ముక్కలు చెప్పాలి. ఇక్కడ పద్నాలుగు తెప్పలు, నాలుగు వేల మందిమి. సముద్రపు నీటిని మంచినీళ్లు చేసే మిషన్లు, దీపాలు, తెప్పలను కలిపే గొలుసులు, అన్నిటినీ ప్రోగ్రాములే నడుపుతాయి. ప్రోగ్రామును, అది నడవడానికి కావలసిన సామానునూ కలిపి ఒకటిగా కట్టి పంపుతాం. మీ దగ్గర దాన్ని కంటైనర్ ఇమేజ్ అంటారట, మేము మూట అంటాం. ఒక చివర ప్రోగ్రాము వేస్తే లైను దానంతట అదే మూట కట్టి, నడిపి చూసి, స్కానరుకు ఇస్తుంది. ఆ స్కానరే జల్లెడ. మూటలో తెలిసిన లోపమేదైనా ఉంటే ఎర్ర గీత గీస్తుంది, లైను ఆగుతుంది. లేకపోతే మనిషి చెయ్యి పడకుండానే మూట రేడియోలో తెప్పకు వెళ్లిపోతుంది. జల్లెడకు కాపలా నేను. పదహారేళ్లుగా నేనే.

ఎర్ర గీత లేకుండా పట్రా అన్నాను. లోపం తియ్యి అనలేదు. రెండూ ఒకటేననుకునే అలవాటు మా ఆఫీసులో అందరికీ ఉంది. నాకు అందరికంటే ఎక్కువగా ఉంది.

రోజు 48

శుక్రవారం. పదకొండో తెప్ప మూట మళ్లీ వచ్చింది. బరువు ముప్పై ఒకటి. ఎర్ర గీతలు సున్నా. ఎప్పుడూ నాలుగు నిమిషాలు తినే జల్లెడ తొమ్మిది సెకన్లలో ముగించింది. మొత్తానికి నాంచారయ్య పాత సామానంతా మార్చేసినట్టున్నాడు. మనిషిని నాలుగు అంటేగానీ పని జరగదు.

మిగతా తెప్పల్లో మిగిలిన గీతలు కూడా ఈ వారమే పోయాయి. ఊరంతటికీ కలిపి సున్నా. నేను ఉద్యోగంలో చేరాక ఇదే మొదలు. సాయంత్రం రేవులో, మా తెప్పల సభ అధ్యక్షులు పాండురంగం గారు స్వయంగా సుద్దముక్క పుచ్చుకుని బోర్డు మీద సున్నా చుట్టారు. చుట్టి, ఇంత గుండ్రంగా వచ్చిందేంటా అని ఆయనే మురిసిపోయారు. తొక్కుడు లడ్లు పంచారు. రెండు అక్కడే తిన్నాను, ఒకటి ఇంటికి తెచ్చుకున్నాను.

ఇప్పుడు: తొమ్మిది సెకన్లు. నా చేత్తోనే రాశాను, సంతోషం కొద్దీ కింద గీత కూడా గీసుకున్నాను. ఇడ్లీ పాత్ర పొయ్యి మీద పెట్టీ పెట్టగానే ఉడికిపోయిందంటే ఏ ఇల్లాలైనా ఒకసారి మూత తీసి చూస్తుంది. నేను చూడలేదు. సున్నా కోసం పదహారేళ్లు ఎదురుచూసిన మనిషిని, అది వచ్చాక ఎలా వచ్చిందని అడగబుద్ధి కాలేదు.

రోజు 55

రంగనాయకి అక్క రేడియోలో పిలిచింది. పదకొండో తెప్ప నీటి కాపరి ఆవిడ. అరవై రెండేళ్లు ఉంటాయి. ఆ తెప్ప కట్టిన ఏడాది నుంచీ అక్కడి నలభై ఇళ్లకు నీళ్లు వదిలేది ఆవిడే. తెల్లవారగానే తొట్టి దగ్గర నిలబడి తొలి గ్లాసు తను తాగుతుంది. బాగుందని చెయ్యెత్తాకే ఇళ్ల కుళాయిలు తెరుచుకుంటాయి. పూర్వం అన్ని తెప్పల మీదా ఇలాగే ఉండేది. ఇప్పుడు పదకొండులోనే మిగిలింది.

"అమ్మాయ్ తిరపతమ్మా, మిషను బుధవారం నాడు కడుక్కుందే."

"ఆదివారం కదక్కా కడుక్కునేది."

"అదే నేనూ చెప్తంది. ఆదివారం కడుక్కుంది, మళ్లా బుధవారం కడుక్కుంది. నేను మీట నొక్కలా. దగ్గరుండి ఎవరో చెప్పినట్టు దానంతటదే మొదలెట్టింది. ఆ కడుగుడు మందు ఎంత గాటో నీకు తెలవదు, చేతి మీద పడితే తోలు లేచిపోద్ది. మీరేవన్నా కొత్తగా పంపారా?"

"పంపాం. ఇదివరకటి దానికంటే శుభ్రమైన మూట. కొత్త కదా, సర్దుకుంటుంది."

"సర్దుకుంటదంటావా?"

"దానికి సున్నా వచ్చిందక్కా."

"సరేలే మరి. చదువుకున్నదానివి, నీకు తెలుసుద్ది."

ఆ తరవాత గొలుసుల మూట మీద పని. మధ్యాహ్నం వాన.

ఇప్పుడు: సముద్రం మీద ఓడలకు దారి చూపే పాత బోయాలు ఇంకా వేలకొద్దీ తేలుతున్నాయి. వాటి రేడియోల్లో దిమ్మరులు తిరుగుతుంటాయి. దొంగ ప్రోగ్రాములన్నమాట. వాటిని రాసినవాళ్లు ఎప్పుడో పోయారు. అవి మాత్రం చెప్పిన పని మానకుండా, కనబడిన ప్రతి మిషను తలుపూ తోసి చూస్తూ పోతుంటాయి. తలుపు తెరుచుకుంటే లోపలికి దూరి మీటలన్నీ నొక్కి చూస్తాయి. మా జల్లెడ ఉన్నదే వాటి కోసం. మిషను దానంతటదే కడుక్కుందని ఒక మనిషి చెబితే నాకు మొదట గుర్తు రావలసింది అవే. నాకు బోర్డు గుర్తొచ్చింది.

రోజు 63

రంగనాయకి అక్క మళ్లీ పిలిచింది. ఈ వారంలో మూడుసార్లు కడుక్కుందట.

"నిన్న తొలి గ్లాసు నాలిక మీద సబ్బులాగా జారింది తిరపతమ్మా. ఊసేశా. తొట్టంతా పారబోసి, మళ్లా పట్టి, రెండు గంటలు ఆలస్యంగా వదిలా. ఇళ్లవాళ్లు తిట్టారు."

"పంపులో ఏదైనా నాచు చేరిందేమో."

"నాచు రుచి నాకు తెలవదా. ఒక మాట అడుగుతా, ఏవనుకోకు. మీ జల్లెడ మూట విప్పి చూత్తదా?"

నాకు కొంచెం ఒళ్లు మండింది. అయినా ఓపిగ్గానే చెప్పాను. ప్రతి మూటలోనూ సామాను పట్టీ ఒకటి ఉంటుంది, ఏ సామాను, ఎన్నో రకం అని అందులో రాసి ఉంటుంది. జల్లెడ ఆ పట్టీని, ఒడ్డు నుంచి వచ్చిన లోపాల జాబితానూ పక్కపక్కన పెట్టి చూస్తుంది.

"అంటే పట్టీ చదువుద్ది. మూట విప్పదు."

"పట్టీలో ఉన్నదే కదక్కా మూటలో ఉండేది."

"ఉంటే మంచిదే. ఒకసారి నువ్వే వచ్చి చూసిపోరాదూ. పడవలో మూడు గంటలేగా. నీకిష్టవని ఎండు రొయ్యలేసి వంకాయ వండిపెడతా."

వచ్చే వారం చూస్తానన్నాను.

ఇప్పుడు: వెళ్లలేదు. ఆ వారం సముద్రం కూడా బాగానే ఉంది, సాకు చెప్పుకోవడానికి గాలివాన కూడా లేదు. పైగా ఆ మధ్యాహ్నం ఆఫీసులో అందరి ముందూ, రంగనాయకి అక్క నాలికను మన లైనులో చేరిస్తే జల్లెడ ఖర్చు తప్పుతుందని హాస్యమాడాను. అందరూ నవ్వారు. నాంచారయ్య కూడా నవ్వాడు. పుస్తకంలో అది రాసుకోలేదు. రాసుకోనివి కూడా మీకు తెలియాలని చెబుతున్నాను.

రోజు 70

పొద్దున పదింటికి రంగనాయకి అక్క. ఈసారి పలకరింపు లేదు.

"మిషను ఆపేశా. తాళం వేసి చెవి నా దగ్గరే పెట్టుకున్నా."

"ఏంటక్కా ఇది? తనిఖీ ధ్రువపత్రం ఉన్న మిషను ఆపే అధికారం కాపరికి లేదు. నీకు తెలుసు కదా."

"తెలుసు. తాగేది చంటిపిల్లలు. ఇవాళ కడుగుడు మందు తొట్టిలో పడకముందే చూశా కాబట్టి సరిపోయింది. ఎవరో బయటినించి దాంతో మాట్టాడతన్నారమ్మాయ్. నేను ఆపుతుంటే అది తిరిగి మొదలెడతంది. నాతో పోట్లాడతంది. నాకు తెలిసింది చెప్తన్నా, నమ్ము."

"సభకు చెప్పాలి మరి నేను."

"చెప్పు. నేను చెప్పానని కూడా చెప్పు."

పాండురంగం గారికి కబురు పంపాను. ఆ తెప్ప మీద నలభై ఇళ్లలో నీళ్లు లేవు. ఏడో తెప్ప నుంచి పీపాలు పడవలకెత్తించే పని నా నెత్తిన పడింది.

రోజు 72

రెండు రోజులుగా పీపాలే. పదకొండో తెప్పవాళ్లు రేవులోకి వచ్చి అరిచి వెళ్లారు. స్నానాల్లేవు, వంటకు కొలిచి పోసుకుంటున్నాం, ఒక ముసలామె పిచ్చికి మేమెందుకు ఎండాలి అన్నారు. సభ వారు మనిషిని పంపి తాళం పగలగొట్టించి మిషను నడిపించారు. అది మామూలుగా నడిచింది. నీళ్లు బాగున్నాయి.

పాండురంగం గారు నన్ను లిఖితపూర్వకంగా అడిగారు: మూటలో లోపం ఉందా, లేదా. జల్లెడ మళ్లీ పట్టాను. సున్నా. లేదని రాసి సంతకం పెట్టాను.

ఇప్పుడు: ఎనిమిది సెకన్లు పట్టింది ఈసారి.

రోజు 74

సభ జరిగింది. రంగనాయకి అక్క ఇస్త్రీ చీర కట్టుకుని, తలకు నూనె రాసుకుని వచ్చింది. మూడు గంటలు పడవలో కూర్చున్నా చీర నలగలేదు. నన్ను చూసి తలూపింది. నేను కాగితాల్లో ఏదో వెతుక్కున్నాను.

పాండురంగం గారు మర్యాదగానే మాట్లాడారు. "అమ్మా, మీ సేవ మేమెవరమూ మరిచిపోలేదు. కానీ తనిఖీ ఆఫీసు సున్నా అంటంది, మీరు కాదంటన్నారు. మీ దగ్గర రుజువేవన్నా ఉందా?"

"నాలిక ఉంది బాబూ," అంది ఆవిడ.

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఆవిడ అటు తిరగలేదు. "ముప్పై ఏళ్లు మీ అందరికంటే ముందు నేను తాగా. ఒక్కరోజన్నా ఎవరికన్నా కడుపునొప్పి వచ్చిందా? ఆ మిషను మాట నా మాట కంటే ఎక్కువైందా? ఎక్కువైతే నేను చెప్పేదేం లేదు. తిరపతమ్మను అడగండి. ఆ పిల్ల అబద్ధం చెప్పదు."

నన్ను అడిగారు. సున్నా అన్నాను.

కాపరి పని నుంచి ఆవిడను తీసేశారు. తొట్టి పక్కన కాపరి గది ఖాళీ చెయ్యాలి. జల్లెడ సున్నా చూపిన తెప్పలకు కాపరి గానీ, తొలి గ్లాసు గానీ అవసరం లేదని, కుళాయిలు వేళకు వాటంతటవే తెరుచుకుంటాయని తీర్మానం చేశారు. తీర్మానం ముసాయిదా నన్నే రాయమన్నారు. రాశాను.

ఆవిడ తొట్టి తాళంచెవి బల్ల మీద పెట్టి, "తొట్టి అడుగున బూజు పడుద్ది, నెలకోసారి గీకించండి," అని చెప్పి వెళ్లింది.

ఇప్పుడు: సాక్షి ఎవరని అడిగితే ఆవిడ నా పేరు చెప్పింది. ఇంతకంటే రాయలేకపోతున్నాను.

రోజు 81

ఆరు తెప్పలు తమకూ కాపరులు వద్దని అర్జీ పెట్టుకున్నాయి. ధ్రువపత్రాలు సిద్ధం చేస్తున్నాను. బోర్డు మీద సున్నా, వరుసగా ఐదో వారం. రంగనాయకి అక్క తెప్ప విడిచి రాలేదట. తొట్టికి నాలుగడుగుల దూరంలో ఎవరిదో వరండాలో చాప వేసుకుని ఉంటోందట. మొండిది అన్నారు. నేనూ అవునన్నాను.

రోజు 89

ఏం రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పదకొండో తెప్పలో కుళాయిలు ఆరింటికి తెరుచుకుంటాయి. రంగనాయకి అక్క ఐదున్నరకే లేచి, తొట్టికి ఉన్న చిన్న కుళాయి తిప్పి గ్లాసు పట్టుకుని తాగింది. తీసేసిన దగ్గరినుంచీ ప్రతి రోజూ అలాగే తాగుతోందట. పదిహేను రోజులుగా. ఎవరూ అడగలేదు, ఆవిడ ఎవరికీ చెప్పలేదు.

ఇవాళ తొట్టిలో ఉన్నది నీళ్లు కాదు, కడుగుడు మందు. గుక్క మింగాకగానీ తెలియలేదు. గొంతు కాలిపోయింది. అరవబోతే మాట రాలేదు. వరండాలోంచి స్టీలు పళ్లెం తీసుకుని, గరిటెతో కొడుతూ ఇల్లిల్లూ తిరిగింది. తలుపు తీసినవాళ్లకు కుళాయి చూపించి వద్దు వద్దని చెయ్యి ఊపింది. నలభై ఇళ్లు. చివరి ఇంటి ముందు పడిపోయింది.

ఆ తెప్పలో ఒక్కరు కూడా తాగలేదు. తొమ్మిది మంది చంటిపిల్లలున్నారు అక్కడ. పాలు కలపడానికి నీళ్లు పట్టుకునే వేళ అది.

ఆసుపత్రి తెప్పకు తెచ్చారు. నన్ను లోపలికి రానివ్వలేదు. రానిస్తే ఏ మొహం పెట్టుకుని వెళ్లేదాన్నో తెలియదు.

రోజు 90

లైను ఆపేశాను, మొత్తం. మూట నా చేతుల్తో విప్పుతున్నాను. పొరలు పొరలుగా ఉండాలి మూట. ఇది అన్నీ కలిపి నొక్కేసి ఒకే పొరగా ఉంది. మూడు వేల పైచిలుకు ఫైళ్లు. ఒక్కొక్కటీ తీసి, పాత మూటలో దానితో పోల్చి చూస్తున్నాను. కళ్లు మండుతున్నాయి. ఇంటికి వెళ్లలేదు.

రోజు 91

దొరికింది. నిన్న మొదటి గంటలోనే దొరికేది, ఏం వెతకాలో తెలిసుంటే.

సామాను పట్టీ లేదు. పట్టీ ఉండవలసిన చోట ఏమీ లేదు. జల్లెడ మూటలోకి వెళ్లింది, చదవడానికి పట్టీ కనబడలేదు, పోల్చడానికి ఒక్క పేరు కూడా లేదు, కాబట్టి ఎర్ర గీతలు సున్నా అని చెప్పి బయటికి వచ్చేసింది. తొమ్మిది సెకన్లు.

సామాను మాత్రం ఏదీ మారలేదు. పాతదే, అక్షరం తేడా లేకుండా. బయటి నుంచి కబుర్లు అందుకునే సామాను ఒకటుంది. పాత రెండువందల పద్నాలుగు గీతల్లో మొట్టమొదటిది దానిదే. పక్కన ఏం రాసి ఉందో ఇవాళ మళ్లీ చదివాను: బయటివారు సంకేతపదం లేకుండానే యంత్రానికి ఆజ్ఞలు ఇవ్వగలరు. దానికే నేను మూడుసార్లు మినహాయింపు ఇచ్చింది. ఇన్నాళ్లూ ఏ దిమ్మరికీ ఆ తలుపు కనబడలేదు, అంతే.

మిగతా మూటలూ విప్పాను. పట్టీ లేనివి ఇంకా నాలుగు. అన్నీ సున్నాలే. ఆ తెప్పలకు మనుషుల్ని పంపి మిషన్లు ఆపించాను.

రోజు 92

నాంచారయ్య నా బల్ల ముందు నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"బరువు తగ్గించమన్నావు వదినా. కొత్త సామానుకి చోటు కావాలిగా, ఏం తీసెయ్యాలా అని చూశా. ఆ పట్టీ, దాంతోపాటు ఉండే కాగితాలూ కలిసి తొమ్మిది మెగాబైట్లున్నయ్యి. మిషను దాన్ని ఎప్పుడూ చదవదు. మనుషుల కోసం రాసుకున్నదనుకున్నా, చెత్తనుకున్నా. తీసేసి నొక్కా. కొత్త సామాను పెట్టకముందే సున్నా వచ్చింది, మిగతా నాలుగూ అట్టాగే కట్టా. నీ జల్లెడకి అదే కళ్లని నాకు తెలవదు."

"సున్నా రాగానే అనుమానం రాలేదా నీకు?"

"వచ్చింది. పోయిన్నెల ఒకరోజు నీ దగ్గరికి వచ్చా కూడా. అప్పుడు నువ్వు ఆమె నాలిక గురించి చెప్పి అందరినీ నవ్విస్తన్నావు. నేనూ నవ్వి పోయా."

తప్పు తనదని సభకు రాస్తానన్నాడు. నేను వద్దన్నాను. కట్టేవాడు తప్పు కడతాడనే కదా తనిఖీ అనే ఉద్యోగం పెట్టింది. అతను ఏడ్చాడు. నాకు ఏడుపు రాలేదు. రానందుకు నామీద నాకే అసహ్యం వేసింది.

ఇప్పుడు: నాంచారయ్య మీద చర్య తీసుకోవద్దని మిమ్మల్ని వేడుకుంటున్నాను. బరువు తగ్గించమన్నది నేను, ఎర్ర గీత వద్దన్నది నేను, తొమ్మిది సెకన్లు చూసింది నేను. పట్టీ లేని మూటను జల్లెడ ఆపెయ్యాలని లైనులో ఒక్క వాక్యం రాసి ఉంటే సరిపోయేది. ఇప్పుడు రాశాను. అరగంట పట్టలేదు.

రోజు 101

సభ వారు మొదటి తీర్మానం రద్దు చేశారు. రంగనాయకి అక్కకు కాపరి పని తిరిగి ఇస్తూ, క్షమాపణ కోరుతూ కొత్త తీర్మానం రాశారు. ఇది నన్ను రాయమనలేదు. తీసుకెళ్లి ఇవ్వమన్నారు, అంతే.

ఆసుపత్రి తెప్ప. డాక్టరమ్మ నన్ను గుమ్మం దగ్గరే ఆపి చెప్పింది. ప్రాణానికి భయం లేదు. గొంతు తిరిగి రాదు. నోటితో మింగడం కూడా ఇక కుదరదు, పొట్టలోకి గొట్టం వేశారు, బతికినన్నాళ్లూ దాంతోనే. నాలిక మీద రుచి లేదు. కాపరి పని తిరిగి ఇచ్చామని కాగితం పట్టుకుని అక్కడ నిలబడ్డాను. తొలి గ్లాసు తాగలేని మనిషికి ఆ కాగితం ఇవ్వడానికి వచ్చాను.

ఆవిడ కిటికీ పక్క మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. చిక్కిపోయింది. పక్కన పలక, బలపం పెట్టారు. కాగితం చేతికిచ్చాను. కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివింది, కింద సంతకాలతో సహా. మడిచి దిండు కింద పెట్టుకోలేదు, నాకు తిరిగి ఇవ్వలేదు. దుప్పటి మీద అలాగే వదిలేసింది.

దారి పొడుగునా అనుకున్న మాటలు చాలా ఉన్నాయి. పట్టీ సంగతి చెబుదామనుకున్నాను, జల్లెడ మార్చిన సంగతి చెబుదామనుకున్నాను. "అక్కా, తప్పు నాది," అని మాత్రం అనగలిగాను.

ఆవిడ పలక అందుకుంది. రాయడానికి చాలాసేపు పట్టింది. నావైపు తిప్పి చూపించింది.

మూడుసార్లు చెప్పా.

"చెప్పావక్కా," అన్నాను. "తేదీలతో సహా రాసుకున్నాను."

ఆవిడ నన్ను అలాగే చూసింది. కోపంగా కూడా చూడలేదు. తరవాత కొంగుతో పలక శుభ్రంగా తుడిచి, దాన్ని నా చేతిలో పెట్టి, గోడ వైపు తిరిగి పడుకుంది.